మధ్యలో దూరిన కామా

మిర్చి రైతులు ఫోన్‌లోనే వేలానికి ధర పెట్టుకునే వెబ్‌సైటు మాది. అందులో ధర కొట్టే గడిని మా ఆఫీసు కుర్రాడు ప్రణీత్ తయారుచేశాడు. అంకెలు కొడుతుంటే కామాలు వాటంతటవే పడతాయి. అది చూసి గుంటూరు గుంటూరంతా గుడ్లప్పగించింది. నమ్మకపోతే మానేయండి, మా వీధి మాత్రం ఖాయంగా అప్పగించింది.

వాడి గర్వానికి గండి కొట్టడానికి మిర్చి రైతు సలోమమ్మ ఫోను పట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కింది. ఆమె అరుపుకి అక్కడెక్కడో మిర్చి యార్డులో బస్తాలు దొర్లిపోయాయి.

"పద్దెనిమిది వేల ఆరువందల యాభై కొడితే, పద్దెనిమిది వేల ఆరువందల ఐదు అంటోంది నీ డబ్బా! సాయంత్రం వేలం. క్వింటాకి నలభై ఐదు రూపాయలు ఎవరికి పొయ్యమంటావ్?"

నిజమే. కామా పడగానే కర్సర్ ఓ అడుగు వెనక్కి జారుతోంది. చివర పడాల్సిన సున్నా ఐదుకి ముందు దూరుతోంది.

"చూసుకుని కొట్టాలమ్మా," అన్నాడు ప్రణీత్.

"నా ధర నేను చెప్తా. మధ్యలో నీ కామా ఎవరబ్బాయ్?"

ప్రణీత్ మా గురువుగారి వైపు తిరిగాడు. "కామాలు తియ్యను మాస్టారూ. తియ్యమంటే ఉద్యోగమే మానేస్తా."

మా కోటిలింగం మాస్టారు ప్రోగ్రాం రాస్తే కంప్యూటరు లేచి నిలబడేది. అంతటి మనిషి తనే లేచి, ప్రణీత్ క్యారేజీ విప్పి పళ్లెంలో అన్నం, గోంగూర వడ్డించారు.

"ముందు తిను నాయనా."

వాడు ముద్ద కలిపాడు. మాస్టారు చెంచాతో మిగతా అన్నం గుండ్రంగా సర్దారు. వాడు మళ్లీ చెయ్యి పెట్టబోయాడు. మాస్టారు పళ్లెం కాస్త తిప్పారు. వేళ్లు పోయి గోంగూరలో మునిగాయి.

"ఏంటిది మాస్టారూ?"

"చెదిరింది నాయనా. అందంగా ఉండద్దూ?"

మళ్లీ ముద్ద. మళ్లీ చెంచా.

"తిననివ్వండి! తిన్నాక మీ ఇష్టమొచ్చినట్టు సర్దుకోండి!"

సలోమమ్మ ఫక్కున నవ్వింది.

ప్రణీత్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కాసేపటికి లేచి, చెయ్యి కడుక్కుని, కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

సలోమమ్మ మళ్లీ కొట్టింది. 18650. గడి కిక్కురుమనలేదు. ఆమె వేలు పక్క గడి మీదికి వెళ్లాక, అప్పుడొచ్చి కూర్చుంది కామా. 18,650.

"తియ్యనన్నాను. తియ్యలేదు," అన్నాడు ప్రణీత్ తలెగరేసి.

మాస్టారు పళ్లెం వాడి ముందుకి జరిపి, చెంచా దూరంగా పెట్టేశారు.

"ఇప్పుడు తిను."