ఎర్నమ్మ బాణీకి ఎన్ని పేర్లో

అనగనగా ఒక ఊళ్ళో ఎర్నమ్మ అనే పిల్ల ఉండేదమ్మడూ. రాజుల కథ కాదు, అలా కళ్ళు పెద్దవి చెయ్యకు. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అయినా చెప్తాను.

ఎర్నమ్మ వాళ్ళ నాన్న హరికథల్లో ఫిడేలు వాయించేవాడు. ఆయన పోయాక ఇంట్లో ఫిడేలూ, ఒక గేదే మిగిలాయి. ఇంతలో గేదె దూడ చచ్చిపోయింది. దూడ లేని గేదె చేపుతుందా? పాలు దింపనే దింపదు. తవుడు పెట్టారు, చేపలేదు. దూడ తోలులో గడ్డి కుక్కి ముందు నిలబెట్టారు, చేపలేదు. అప్పుడు ఎర్నమ్మ ఫిడేలు తీసి, దూడ పిలిచినట్టు ఒక బాణీ కట్టి వాయించింది. గేదె చెవులు రిక్కించింది. చేపింది!

అయితే అదేం పాడు గేదో, వాళ్ళమ్మ సగం పాలు పిండేసరికి కాలు విసరబోయేది. అప్పుడు ఎర్నమ్మ ఫిడేలు కమాను ఆపి, చెంబు పక్కకి లాగేది. మళ్ళీ అందుకునేది. అలా బాణీ నడుమ ఒక ఆగుడు స్థిరపడిపోయింది.

దారినపోయేవాళ్ళు విన్నారు. మొదట భజన మేళం వాళ్ళు పట్టుకుపోయి 'గరుడసేవ' అన్నారు. ఆ తర్వాత నాటకాల వాళ్ళు 'రాజదర్బారు' అన్నారు. ఆ తర్వాత బ్యాండు మేళం వాళ్ళు 'తలంబ్రాల బాణీ' అన్నారు.

"వాయించుకోండి బాబూ, నాను కట్టానని ఒక్క మాట సెప్పండి, సాలు" అని ఎర్నమ్మ నోరు విడిచి అడిగింది. చెప్పారా? లేదు. సొమ్మొకరిది, సోకొకరిది!

ఎర్నమ్మకి జుట్టు నెరిసింది. ఆ ఏడు ఊరి పండక్కి మూడు మేళాలూ వచ్చి, బాణీ మాదంటే మాదని కొట్టుకున్నాయి. ఎర్నమ్మ ఫిడేలు పట్టుకెళ్ళి, "అది నాదిరా" అంది.

"నీకేటి తెలుసు ముసలమ్మా, ఎల్లి ఇంటికాడ కూకో" అన్నాడు బ్యాండు మేస్త్రి. నేనైతే చీపురు తిరగేసేదాన్ని.

"అయితే నడమన ఎందుకాగుతారో సెప్పండి" అంది ఎర్నమ్మ.

గరుడుడు రెక్క విప్పడానికన్నాడు భజన గురువు. రాజు కూర్చోడానికన్నాడు నాటకాలాయన. పెళ్ళికూతురు దోసిలి నింపుకోడానికన్నాడు బ్యాండు మేస్త్రి.

అప్పుడు ఎర్నమ్మ ముగ్గురినీ తన పాకలోకి లాక్కుపోయింది. అక్కడున్నది ఆ పాత గేదె మనవరాలు. రోజూ ఆ బాణీకే పాలిచ్చేది. అమ్మమ్మ బుద్ధే దీనికీ వచ్చింది, సగం పాలయ్యేసరికి కాలు లేచేది. ఎర్నమ్మ కోడలు చెంబు పెట్టింది. ఎర్నమ్మ వాయించింది. గేదె చేపింది. సగంలో కమాను ఆగింది, కోడలు చెంబు లాగింది, గేదె కాలు విసిరింది. దగ్గరికొచ్చి వంగి చూస్తున్న బ్యాండు మేస్త్రి పేడలో పడ్డాడు.

"ఇందుకురా ఆగడం!" అంది ఎర్నమ్మ.

ముగ్గురూ కలిసి పాత పేర్లు తీసేశారు. కొత్త పేరు పెట్టారు. ఏం పేరో తెలుసా? 'గేదె బాణీ'! వేళ్ళు కాయలు కాసేలా వాయించింది ఎర్నమ్మ, పేరేమో గేదెకి! ఇప్పటికీ అలాగే అంటారు, సిగ్గులేని వాళ్ళు.

నువ్వు మాత్రం అలా అనకు. ఎవరడిగినా ఎర్నమ్మ బాణీ అని చెప్పు. ఏదీ, గట్టిగా అను. ఆఁ, అదీ! ఇంక కళ్ళు మూసుకో.

కథ కంచికి, గేదె పాకకి,
మనం ఇంటికి, పేరు ఎర్నమ్మకి!