తడకలో ఖాళీ

చెప్పండి, ఏం చూశారు?

తొందరపడొద్దు. ముందు కళ్ళు మూసుకోండి. నడుము లోతు ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నిలబెట్టిన రెల్లు తడక. తడక మధ్యలో ఒక చిన్న పడవ పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలోంచి అవతల సముద్రం మెరుస్తోంది. ఇప్పుడు కళ్ళు తెరవండి. ఏం చూశారు?

తడక చూశాం అంటారు. అందరూ అదే అంటారు! ఖాళీని చూసినవాళ్ళు ఒక్కరూ లేరా? అయితే ఈ కథ మీకోసమే. దగ్గరికి జరగండి.

అనగనగా... అడవి కాదు, ఈసారి అడవి లేదు. అనగనగా గ్రీసు దేశంలో ఒక ఉప్పునీటి సరస్సు. ఆ సరస్సు నడుమ చిన్న దీవి. దీవి మీద అల్మిరో అనే ఊరు. అటొక రాతి వంతెన, ఇటొక రాతి వంతెన, మధ్యలో ఎర్ర పెంకుల ఇళ్ళు. ఊరి చివర ఉప్పు మడులు, వాటి పక్కన తెల్లటి ఉప్పు కుప్పలు. ఇంటింటా చేపగుడ్ల తిత్తులను ఉప్పులో ఊరబెట్టి, ఆరబెట్టి, తేనెమైనంలో ముంచి దాచుకుంటారు. వీధిలో నడిస్తే ఉప్పు వాసన, చేప వాసన, మైనం వాసన కలిసి కొడతాయి.

సరస్సుకీ సముద్రానికీ మధ్య సన్నటి ఇసుక గట్టు. గట్టుకు అక్కడక్కడా గండ్లు. ఆ గండ్లకు జాలర్లు రెల్లు తడకలు కడతారు. అయితే వాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. చలి తగ్గగానే తడక మధ్యలో ఖాళీ వదిలేస్తారు. సముద్రం నుంచి పిల్లచేపలు లోపలికి వచ్చి, మేసి, బలిసేదాకా ఆ ఖాళీని ఎవరూ మూయరు. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా మూయరు! ఎండలు తగ్గి, పెద్దచేపలు తిరిగి సముద్రానికి బయలుదేరినప్పుడే మూసి పట్టుకుంటారు.

ఊరికి పడమటగా, ఇసుక గట్టు పక్కన, సముద్రం వైపు తప్ప వేరే దారి లేని ఒక పాత పాయ ఉంది. జాలర్లు దాన్ని ఎప్పుడో వదిలేశారు. పక్షులు ఆ పాయను తీసుకున్నాయి. పాత తడకను ముక్కులతో బాగు చేసుకున్నాయి. జాలర్ల కట్టుబాటే తామూ పెట్టుకున్నాయి. ఏటా ఒకరు తడక దగ్గర కాపలా ఉండాలి. ఆ ఏడు కాపలా లెనియోది.

లెనియో ఒక నీటికాకి. నల్లటి ఒళ్ళు, పచ్చటి కళ్ళు. మునిగిందంటే చేపతోనే తేలేది. మునిగి లేచాక తడక గుంజ మీద రెక్కలు చాపి ఆరబెట్టుకునేది. గడిచిన చలికాలం ఉత్తరపు గాలి వారాల తరబడి కొట్టింది. సరస్సు అంచులు గడ్డకట్టాయి. చేపలు దొరకలేదు. లెనియో మగడు ఒక పొద్దున అదే గుంజ మీద నుంచి ఆకలితో జారిపడ్డాడు. మళ్ళీ లేవలేదు. ఇప్పుడు రెల్లు పొదలో గూడు ఉంది. గూట్లో పిల్లలున్నాయి. ఎప్పుడు చూసినా నోళ్ళు తెరుచుకునే ఉంటాయి.

చలి పోయింది. ఆ ఏడు పాయ నిండా చేపలే చేపలు! మునిగితే ముక్కుకు తగిలేటన్ని.

లెనియో గుంజ మీద కూర్చుని ఖాళీని చూసింది. ఒక పెద్ద కొయ్యంగ చేప తోక ఆడించుకుంటూ ఆ ఖాళీలోంచి సముద్రంలోకి పోయింది. లెనియో మెడ చాచి, అది కనబడినంత దూరం చూసింది.

అప్పుడే స్తామో వచ్చి నీళ్ళమీద ధబీమని వాలాడు. స్తామో గూడబాతు. ముక్కు కింద పెద్ద తోలు సంచి. ఆ సంచి నిండేదాకా పలకరింపు కూడా ఉండదు.

"ఏమ్మా లెనియో, చూస్తూ కూర్చున్నావా? ఆ పోయింది నీ పిల్లల అన్నం!" అన్నాడు.

"ఏం చెయ్యను స్తామో బాబాయ్? కట్టుబాటు ఉందిగా."

"కట్టుబాటు! చలికాలంలో నీ మగడికి కట్టుబాటు ఏం పెట్టింది తినడానికి?"

లెనియో ఆ గుంజను కాళ్ళతో గట్టిగా పట్టుకుంది.

"లోపలున్నవి మనవి. బయటికి పోయినవి పరాయివి. మూసెయ్యమ్మా! రెల్లు నువ్వు అల్లు. బురద నేను మోసుకొస్తాను. ఈ సంచి దేవుడు ఊరికే ఇచ్చాడా?"

లెనియో గూటి వైపు చూసింది. తెరుచుకున్న నోళ్ళు కనబడ్డాయి. ఖాళీ వైపు చూసింది. ఇంకో చేప అటుగా పోతోంది. ఆమె ఇక ఆగలేదు. రివ్వున ఎగిరి రెల్లు తెచ్చింది. ఒక్కొక్క పుల్లనూ గట్టిగా అల్లింది. స్తామో సంచి నిండా బురద తెచ్చి, అడుగున కుమ్మరించాడు. పొద్దుగూకే లోపల ఖాళీ లేదు. తడక మాత్రమే ఉంది.

"ఇప్పుడు పొమ్మను, ఎటు పోతాయో!" అని స్తామో సంచి ఊగేలా నవ్వాడు.

మర్నాడు పీత వచ్చింది. దాని పేరు వాసో. కడుపు కింద గుడ్ల మూట. తడకకు గుద్దుకుని, వెనక్కి జరిగి, మళ్ళీ గుద్దుకుంది.

"లెనియో వదినా, దారేది? నేను సముద్రంలో గుడ్లు వదలాలి. ఇక్కడ వదిలితే బతకవు."

"ఈ ఏడు దారి లేదు వాసో. ఇక్కడే ఎక్కడైనా చూసుకో."

"నీ గూడు పీకి ఉప్పు కుప్ప మీద పెట్టి, ఇక్కడే పెంచుకో అంటే పెంచుకుంటావా?"

లెనియోకి కోపం వచ్చింది. "నోరు పెద్దదయిందే నీకు!" అంది. వాసో పట్టకార్లలాంటి డెక్కలు కిందికి దించేసి, అడ్డంగా నడుచుకుంటూ పోయింది.

కొన్నాళ్ళకు తడక అవతల సన్నటి చప్పుడు. టిక్, టిక్, టిక్. లెనియో అటువైపు వంగి చూసింది. వెండి సూదుల్లాంటి పిల్లచేపలు! సముద్రమంతా కదిలి వచ్చినట్టుంది. రెల్లుకు మూతులు తాకిస్తున్నాయి.

"అత్తా, అత్తా, తలుపు తియ్యవా? బయట అలలు కొడుతున్నాయి. పెద్దచేపలు తరుముతున్నాయి!"

"తీస్తే లోపలివి పోతాయర్రా!"

"మేం వస్తాం కదా అత్తా!"

"మీరెంత? మీ ఒళ్ళెంత? నా పిల్లల నోటికి మీరు ఆనరు. పొండి!"

పిల్లచేపలు కాసేపు అక్కడే గిరగిర తిరిగాయి. తర్వాత గట్టు వెంబడి జాలర్ల గండి వైపు పోయాయి. అక్కడ ఖాళీ ఉంది. కొన్ని మాత్రం తడక దగ్గరే ఉండిపోయాయి. ఆశ అంత తొందరగా పోదు.

ఎండలు ముదిరాయి. పాయ అడుగు నుంచి పాముచేప పైకి వచ్చింది. ముసలిది, పేరు హేలి. ఎప్పుడూ బురదలోంచి తల బయట పెట్టని మనిషి... కాదు కాదు, చేప!

"లెనియో, అడుగున ఊపిరాడటం లేదమ్మా. నీళ్ళు కదలడం లేదు. అలవాటు లేని వాసన వస్తోంది."

స్తామో సంచి ఎత్తి వెక్కిరించాడు. "బురదలో పుట్టి, బురదలో పెరిగి, ఇప్పుడు వాసనట! అత్తరు కావాలేమో అవ్వకు!"

లెనియో నవ్వలేదు. కానీ తడక ముట్టుకోలేదు కూడా. "ఇంకొన్నాళ్ళు ఓర్చుకో అవ్వా. పిల్లలకు రెక్కలు రానీ" అంది.

హేలి మెల్లగా కిందికి పోయింది.

హేలి భయపడ్డ రోజు వచ్చింది. మధ్యాహ్నం, దక్షిణం నుంచి వేడిగాలి లేచింది. పొయ్యిమీంచి వచ్చినట్టు! అల్మిరోలో కాఫీ దుకాణం ముందు ముసలాళ్ళు కుర్చీలు లోపలికి లాక్కున్నారు. గాలి పాయ మీది నీళ్ళను ఒక పక్కకు తోసింది. అడుగునున్న చచ్చిన నీళ్ళు పైకి వచ్చాయి. కుళ్ళిన కోడిగుడ్డు కంపు! పచ్చటి నీళ్ళు పాలల్లా తెల్లబడ్డాయి.

చేపలన్నీ ఒక్కసారిగా పైకి తేలాయి. నోళ్ళు తెరిచి గాలి కోసం గుటకలు వేస్తున్నాయి.

"చూశావా!" అని స్తామో కేకలు పెట్టాడు. "వెతక్కుండానే పైకొచ్చాయి! పండగే పండగ!" సంచి నిండా తోడుకున్నాడు, మింగాడు, మళ్ళీ తోడుకున్నాడు.

లెనియో ఒక చేపను అందుకుంది. అది కొట్టుకోలేదు. ముక్కులో మెత్తగా వాలిపోయింది. పక్కదీ అంతే. దాని పక్కదీ అంతే. చూస్తుండగానే పాయంతా తెల్లటి పొట్టలు. చచ్చిన చేప ఈ ఎండకు సాయంత్రానికే కుళ్ళుతుంది. రేపు పిల్లలకు ఏం పెట్టాలి? ఎల్లుండి?

"బాబాయ్! అన్నీ చస్తున్నాయి! తడక విప్పుదాం, రా!"

స్తామో కడుపు నిమురుకున్నాడు. "నేనా? ఈ కంపులోనా? తూర్పున ఇంకో సరస్సు ఉందమ్మా. నాకు రెక్కలున్నాయి."

"నా పిల్లలకు లేవు!"

"అది నీ గొడవ" అని స్తామో బరువుగా ఎగిరిపోయాడు. బురద మోసిన సంచి, చేపలు మోసిన సంచి, ఆకాశంలో చిన్నదై పోయింది.

లెనియో తడక మీద పడింది. ముక్కుతో లాగింది, కాళ్ళతో తన్నింది. తానే గట్టిగా అల్లిన అల్లిక! నీళ్ళలో నాని ఉబ్బి ఇంకా బిగుసుకుంది. అడుగున బురద రాయిలా పేరుకుంది. ఒక్క పుల్ల ఊడేసరికి ముక్కు చీలి రక్తం వచ్చింది.

అప్పుడు లెనియో సిగ్గు విడిచిపెట్టింది. గొంతు చించుకుని అరిచింది.

"వాసో! హేలి అవ్వా! తప్పు నాది! నేనే మూశాను! ఒక్కదాన్నే తియ్యలేను, రండి!"

నీళ్ళమీద బుడగలు లేచాయి. గట్టు కింది రాళ్ళలోంచి వాసో వచ్చింది. దాని కడుపు కింద గుడ్లు లేవు. అవి బతకలేదు. లెనియో ఆ కడుపు చూసింది. తల దించుకుంది.

"ఏడుపు తర్వాత" అంది వాసో. "ముడి ఎక్కడుందో చూపించు."

లెనియో చూపించింది. వాసో డెక్కతో కటుక్కున కత్తిరించింది. లెనియో లాగింది. ఇంకో ముడి. కటుక్! అడుగున హేలి తల దూర్చి బురదను తొలిచింది. ఊపిరి కోసం పైకి వచ్చింది, మళ్ళీ మునిగింది, మళ్ళీ తొలిచింది. అవతల నుంచి చిన్న గొంతులు వినిపించాయి.

"అత్తా, మేమిక్కడే ఉన్నాం! తొయ్యమంటావా?"

లెనియో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తొయ్యండర్రా! తొయ్యండి!"

వెండి సూదులు ఎంత తొయ్యగలవు? కానీ అవన్నీ ఒక్క చోట తోకలాడిస్తే, హేలి తొలిచిన బొరియ అటువైపు నుంచీ వదులయింది. ఒక ధార వచ్చింది. చల్లటి నీళ్ళ ధార! ధార వాగయింది. బురద కట్ట కరిగింది. తడక నడుమ పెళ్ళున విరిగి, సముద్రం హోరుమంటూ లోపలికి దూకింది!

లెనియో ఆ వరదలో పల్టీలు కొట్టి గుంజను పట్టుకుంది. బతికి ఉన్న చేపలు ఆమె కాళ్ళ పక్క నుంచే సముద్రంలోకి పారిపోయాయి. ఆమె ఒక్కదాన్నీ ఆపలేదు. వెళ్ళనిచ్చింది. వాటి పక్కనుంచే, ఎదురుగా, పిల్లచేపలు లోపలికి వచ్చాయి. వస్తూనే ఉన్నాయి!

ఆ వారమంతా గూట్లో ఆకలే. లెనియో పొద్దున్నే దూరాన జాలర్ల గుడిసెల దాకా ఎగిరి, చిన్నాచితకా ఏరుకొచ్చి పిల్లలకు పెట్టింది. తాను పస్తులుంది. పిల్లలు బక్కచిక్కాయి, కానీ బతికాయి. ఎండలు తగ్గేసరికి వాటికి రెక్కలొచ్చాయి. వెండి సూదులకు ఒళ్ళొచ్చింది. పాయ మళ్ళీ మిలమిల మెరిసింది.

అప్పుడు స్తామో తిరిగి వచ్చాడు. సంచి ఖాళీగా వేలాడుతోంది. ఆ తూర్పు సరస్సులో తనలాంటి గూడబాతులు అప్పటికే అంతా ఊడ్చేశాయట.

"ఎవరండీ వచ్చింది?" అంది వాసో, డెక్కలు ఆడిస్తూ. "అత్తరు బాబాయా?"

స్తామో ముఖం మాడిపోయింది. "అమ్మాయ్ లెనియో, నన్ను లోపలికి రానిస్తావా?"

లెనియో రెక్కలు ఆరబెట్టుకుంటూ, గుంజ మీద నుంచే చెప్పింది. "ఖాళీ అందరికీ ఉన్నట్టే నీకూ ఉంది బాబాయ్. కానీ అడుగున నువ్వు పోసిన బురద ఇంకా సగం మిగిలింది. ఆ సంచి దేవుడు ఊరికే ఇవ్వలేదన్నావుగా. ముందు దాన్ని మోసెయ్!"

స్తామో గొణిగాడు. గొణుగుతూనే మోశాడు. ఆ ఏడు మొదలు, కొత్తగా కాపలాకి వచ్చిన వాళ్ళను లెనియో తడక దగ్గరికి తీసుకెళ్ళేది. తడకను చూపించేది కాదు. ఖాళీని చూపించేది.

నీతి: ఉన్నది పోతుందన్న భయంతో దారి మూసినవాడు, రావలసిన దాన్నీ రానివ్వడు, ఉన్నదాన్నీ బతకనివ్వడు. మరి చెప్పండి, మీరు భయంతో మూసిపెట్టిన తడక ఎక్కడుంది, దాని అవతల ఇప్పటికీ టిక్ టిక్ మంటున్నది ఎవరు?