కొండ మంచు కప్పుకున్న రోజు

ఒకప్పుడు ఏ కొండా మంచు కప్పుకునేది కాదు. మంచు పడేది, నిజమే. కానీ కొండ మీది జనం దాన్ని ఉండనిస్తేగా! వాకిలి ఊడ్చినట్టు కొండంతా ఊడ్చి లోయలో పారబోసేవారు. మంచు పడ్డ చోటును 'చచ్చిన నేల' అనేవారు. ఊడ్చిన బోడినేల మీద గాలి పడి గడ్డివేళ్ళ దాకా కొరికేసేది. ఆ పాపమూ పాపం మంచు నెత్తికే చుట్టేవారు.

ఆ కొండ మీద గొర్రెలు కాసే బీరవ్వ ఉండేది. మందంతా చలికి పోయి, ఆమెకు ఒక్క గొర్రె మిగిలింది. పేరు చుక్కి. నిండు చూడిది.

ఒక మధ్యాహ్నం మంచు ముద్దలు ముద్దలుగా కురిసింది. చూస్తుండగానే చుక్కి మాయం! బీరవ్వ చీపురు పట్టుకుని పరుగెత్తింది.

"చుక్కీ! ఓ చుక్కీ!"

వాలులో ఒకచోట మంచు ఉబ్బెత్తుగా ఉంది. దాని నడుమ వేలంత కన్నం. బీరవ్వ చీపురెత్తింది.

"ఆగమ్మా, ఊడ్చకు!" అంది మంచు. "నీ చుక్కి నా కిందే ఉంది. ఈనుతోంది."

"అయ్యో, దాన్ని నొక్కి చంపేస్తున్నావే!"

"ఊడ్చెయ్, ఊడ్చెయ్!" అని ఈలవేసింది గాలి. "నేనూ ఓ చెయ్యేస్తాలే."

ఎవరి మాట నమ్మాలి? ఊడిస్తే ఒక భయం, ఊడవకపోతే ఇంకో భయం.

"కన్నంలో వేలు పెట్టి చూడు," అంది మంచు.

పెట్టింది. కొయ్యబారిన వేలికి వెచ్చటి ఊపిరి తగిలింది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలకు గొంగడి కప్పి, మూతి మాత్రం బయటికి వదిలేది తనే కదా! మంచూ అదే చేసింది.

బీరవ్వ చీపురు లోయలోకి విసిరేసింది. గాలికి ఒళ్ళు మండిపోయింది. ఆమె చెంగు పట్టి ఈడ్చింది. కన్నంలోకి మంచుపొడి ఊదింది. కన్నం పూడితే చుక్కి దక్కదు! బీరవ్వ బోర్లా పడుకుని వేలితో తీస్తూనే ఉంది. ఒక వేలు మొద్దుబారితే ఇంకో వేలు. "చావనైనా చస్తాను గానీ, నీకు మాత్రం ఇవ్వనే!" అని అరిచింది.

పొద్దు వాలేసరికి గాలి రొప్పుతూ దిగిపోయింది. మంచు కింద 'మే' అని వినిపించింది. ఆ వెనకే సన్నగా ఇంకో 'మే'. బీరవ్వ బావురుమంది.

ఇంతలో ఊరి పెద్ద కొమురయ్య చీపుళ్ళతో జనాన్ని వెంటబెట్టుకొచ్చాడు. "చచ్చిన నేల మీద ఏం చేస్తున్నావే బీరవ్వా?"

"నోరు కడుక్కో మామా! చావడమేంటి? కొండ మంచు కప్పుకుని పడుకుంది. కదిలించావో, ఊరుకోను!"

మంచు కింద నుంచి మళ్ళీ 'మే' అని వినబడేసరికి జనం చీపుళ్ళు దించేశారు. ఆ ఏడు ఎవరూ ఊడవలేదు. ఎండలు రాగానే కొండ నిండా గడ్డి పచ్చగా లేచింది. చుక్కి పిల్ల అందులో గంతులేసింది.

అప్పటినుంచే ఎత్తైన కొండలు మంచు కప్పుకుని ఉంటున్నాయి. మనమూ 'మంచు కప్పుకున్న కొండ' అనే అంటున్నాం. గాలికి ఆ ఉక్రోషం ఇంకా తీరలేదు. శిఖరం మీద మంచుపొడి లేస్తుంది చూశారా, అది గాలి ఆ మంచు గొంగడి కొస పట్టుకుని లాగడమే. లాగనివ్వండి. కొండ వదలదు.