చింపమన్న పేజీ

కాలేజీలో భ్రమరాంబ మేడమ్‌ని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వేసుకునేవారు. అడిగినవాళ్ళు వెంట నడవాల్సిందే.

తొంభై ఆరు వేసవిలో వకుళకూ అదే జరిగింది. ప్రాజెక్టు రిపోర్టు చివరి పేజీలో ఆమె, ఇంకో పదేళ్ళలో ఉత్తరాలూ, బ్యాంకు పనీ, రైలు టికెట్టూ అన్నీ బ్రౌజరులోకే వస్తాయనీ, తక్కిన సాఫ్ట్‌వేరంతా దాని వెనకాల నిలబడుతుందనీ రాసింది. డిపార్ట్‌మెంటు హెడ్డుగారు అది చదివి నవ్వారు. "బొమ్మలు చూసే కిటికీకి ఇంత పురాణమా? ఆ పేజీ చింపేసి తీసుకురా, సంతకం పెడతాను." సంతకం లేకపోతే డిగ్రీ లేదు. గడువు ఆ సాయంత్రమే.

"తప్పని చూపిస్తే నేనే చింపేదాన్ని మేడమ్. చూపించలేదు, నవ్వారు. నవ్వితే చింపాలా?"

మేడమ్ చెప్పులు వేసుకున్నారు.

ఇద్దరూ పరీక్షల విభాగం ముందు ఆగారు. లోపల ఫ్యాన్ల కింద నలభై మంది గుమాస్తాలు. బయట ఎండలో డెబ్భై మంది పిల్లలు. మధ్యన మూరెడు కిటికీ. పన్నెండన్నా కాకముందే కిటికీ దగ్గరి గుమాస్తా చెక్క తలుపు వేయబోయాడు.

"నా సర్టిఫికెట్టు సంతకమై బల్ల మీదే ఉందట సార్. మూడు బస్సులు మారి వచ్చాను" అంది ముందున్న అమ్మాయి.

"రేపు రామ్మా." తలుపు పడింది.

అంతలో సఫారీ సూటు వేసుకున్నతను ఒకడు పక్కనుంచి వచ్చి, రెండుసార్లు తట్టి, ఎవరి పేరో చెప్పాడు. తలుపు అతని చెయ్యి పట్టేంత తెరుచుకుని, కాగితం అందించి, మళ్ళీ మూసుకుంది.

వకుళకి ఒళ్ళు మండిపోయింది. లైను దాటుకెళ్ళి అరచేత్తో తలుపు బాదింది. "రాసింది ఒకరు, సరిచూసింది ఒకరు, సంతకం పెట్టింది ఇంకొకరు. మధ్యన ఆపడానికి మీరెవరండీ?"

లోపల గొళ్ళెం పడిన చప్పుడే జవాబు.

"ఆ నలభై మందిలో ఒక్కరి పేరైనా తెలుసా నీకు?" మేడమ్ అడిగారు.

"ఎలా తెలుస్తుంది? మాకు కనిపించే ఆఫీసంతా ఈ కిటికీయే కదా" అనేసి, వకుళ ఠక్కున ఆగిపోయింది. సంచిలోంచి రిపోర్టు తీసి చివరి పేజీ చూసుకుంది. "దీన్ని చింపను మేడమ్. సంతకం పెట్టకపోతే మానెయ్యమనండి."

మేడమ్ ఆ పేజీ నిలబడే చదివి తిరిగిచ్చారు.

"చింపకు. కానీ సగమే రాశావు. కిటికీయే సర్వం అవుతుందన్నావు, బాగుంది. గొళ్ళెం ఎవరి వైపు ఉంటుందో రాయలేదేం?"