మైలన్న గిట్టముద్ర

గుమ్మడిమెట్ట అడవిలో టేకు కూపు నడిచిన ఏడాది సంగతి ఇది. కూపంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెబుతాను. ఇక్కడిదాకా చెట్లు కొట్టుకోవచ్చని అడవి పెద్దలు హద్దు గీసి ఇచ్చిన జాగా. అక్కడ చెట్లు పడగొట్టేవి ఎలుగులు, కొమ్మలు నరికేవి కోతులు, దుంగల్ని వాగు ఒడ్డుదాకా లాగేవి ఎద్దులు. మరి నక్క ఏం చేస్తుందంటారా? చేయిస్తుంది. అందుకే దానికి కాంట్రాక్టరని పేరు, పేరు చివర గారు.

ఈ నక్క పేరు గురునాథం. మాట్లాడితే నోట్లోంచి తేనె కారుతుంది. ఆ తేనెలో కాలు పెట్టినవాడు మళ్లీ పైకి రావడం నేనైతే చూడలేదు.

ఎద్దుల్లో మైలన్న, పుల్లన్న ఒక జోడు. మైలన్న బూడిదరంగువాడు, కాడికి ఎడమవైపు. పుల్లన్న ఎర్రనివాడు, కుడివైపు. ఏడేళ్లుగా ఒకే కాడి కింద మెడలు పెట్టినవాళ్లు. గురునాథం దగ్గర చేరింది మాత్రం ఆ ఏడాది మాఘంలోనే. పక్కన మైలన్న లేకపోతే పుల్లన్నకి నీళ్లు తాగడానికి కూడా తోచదు.

జ్యేష్ఠం వచ్చింది. ఇంకో పది రోజుల్లో వానలు. వాన పడితే మెట్టంతా బురద, దుంగ కదలదు. గురునాథానికి ఒకటే తొందర.

ఏటవాలులో దుంగ దొర్లిపోకుండా పల్లం వైపు అడ్డుచెక్కలు పెట్టాలి. కొంచెం లాగడం, చెక్క పెట్టడం, మళ్లీ లాగడం. పని తెలిసినవాళ్లు చేసే తీరు అదే. దానికి చాలాసేపు పడుతుంది.

"చెక్కలు తర్వాత, దుంగలు ముందు!" అన్నాడు గురునాథం.

"అయ్యా, పల్లం బాగా ఉంది..." అన్నాడు పుల్లన్న.

"పల్లం ఉంటే మంచిదేగా? దుంగే నడిచొస్తుంది, మీకు పని తక్కువ!"

దుంగ నిజంగానే నడిచొచ్చింది. మిట్టమధ్యాహ్నం గొలుసు తెంపుకుని మరీ వచ్చింది. పుల్లన్న ఎగువ వైపున్నాడు కాబట్టి తప్పుకున్నాడు. మైలన్నది పల్లం వైపు. ఎడమ వెనకకాలు మోకాలి కింద పుటుక్కుమంది. ఆ అరుపు విన్న కోతులు ఆ రోజుకి కొమ్మలు దిగలేదు.

మర్నాడు గురునాథం గుప్పెడు పచ్చగడ్డి పట్టుకుని పాక దగ్గరికి వచ్చాడు. ఊరక రారు మహానుభావులు.

"ఎలా ఉందిరా మైలన్నా?"

"నిలబడలేకపోతున్నానయ్యా. కొండముచ్చు వైద్యుడు ఆకుకట్టు కట్టాడు. మూడు నెలలు ఆ కాలు నేల మీద మోపొద్దన్నాడు."

"అయ్యో, పాపం! అయితే రేపు పొద్దున పాక ఖాళీ చెయ్యి. నీ బదులు కొత్త ఎద్దు వస్తోంది."

"ఈ కాలుతో ఎక్కడికి పోనయ్యా?"

"అడవి ఎంత పెద్దదిరా! ఎక్కడో ఓచోట మేసుకో."

"మెట్ట అవతల పులి తిరుగుతోందయ్యా."

"పులి తిరుగుతూనే ఉంటుంది. దానికి వేరే పనేముంది?" అని, తెచ్చిన గడ్డిలో సగం అక్కడ పడేసి, మిగతా సగం కొత్త ఎద్దు కోసం పట్టుకుపోయాడు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అనలేదు. నడవలేని ఎద్దు వానాకాలం అడవిలో పడి ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు, మీకు తెలుసు, గురునాథానికి ఇంకా బాగా తెలుసు. ఆకలి ముందొస్తుందా, పులి ముందొస్తుందా అన్నదొక్కటే తేలాలి.

ఇదంతా పాక పైన ఎండుకొమ్మ మీద కూర్చున్న వడ్రంగిపిట్ట వింది. కూపులో ఏ చెట్టు కొట్టాలో ముక్కుతో గుర్తు పెట్టే పని దానిది. ముక్కుకీ నాలుక్కీ పదునెక్కువ.

"అన్నా, ఏడుస్తున్నావా?"

"లేదమ్మా, ఈగలు."

"ఈగలు కంట్లోంచి నీళ్లు తెప్పిస్తాయని ఇప్పుడే వింటున్నా. సరేగానీ, పనిలో కాలు విరిగితే కాలు కూడేదాకా మేత, మందు, ముళ్లకంచె కట్టిన పాక, ఇవన్నీ పని చేయించినవాడే ఇవ్వాలని అడవి కట్టుబాటుంది. నీకు తెలీదా?"

"ఎవరూ చెప్పలేదమ్మా."

"నక్క చెబుతుందనుకున్నావా? ఏనుగు మాణిక్యమ్మ దగ్గర అర్జీ పెట్టు."

"నాలుగు నెలలు ఆయన పెట్టిన మేత తిన్నాను. ఆయన మీదే అర్జీ అంటే..."

"మేత ఊరికే తిన్నావా? దుంగలు లాగి తిన్నావు. ఇప్పుడూ అడుక్కోమనడం లేదు. నీకు రావలసింది అడగమంటున్నా."

మైలన్న చాలాసేపు నెమరు వేశాడు. మేత లేకపోయినా ఆ అలవాటు పోదు కదా. చివరికి "సరే, పెట్టు" అన్నాడు.

కబురు గురునాథానికి చేరేసరికి పొద్దు కూడా తిరగలేదు. వెంటనే పుల్లన్నని పక్కకి పిలిచాడు.

"ఏరా పుల్లన్నా, నీకు కొత్త జోడీ వస్తోంది. వానాకాలమంతా నా దగ్గర మేత ఖాయం. కానీ వినవస్తున్నదేమంటే, నువ్వు సాక్ష్యం చెబుతావట?"

"నేనేమీ అనలేదయ్యా."

"అనకు. అన్నావంటే ఈ అడవిలో ఏ కాడీ నీ మెడ మీద పడదు. నీ ఇష్టం మరి, నేను బలవంతం పెట్టేవాణ్ణి కాదు."

ఆ పూట పుల్లన్న పాకకి వచ్చి తల వేలాడేసి నిలబడ్డాడు. మైలన్నే ముందు మాట్లాడాడు.

"ఎందుకురా అలా నిలబడతావు? నాకు తెలుసులే. ఒకడి కాలు పోయింది, ఇంకొకడి కడుపు కూడా పోవాలా? రావద్దు."

తిట్టినా బాగుండేది. ఆ రాత్రి పుల్లన్న గడ్డి ముట్టలేదు.

మాణిక్యమ్మ వాగు ఇసుకలో కూర్చుని అర్జీలు వింటుంది. వయసులో ఉన్నప్పుడు ఆవిడా కూపుల్లో దుంగలు మోసిన మనిషే, అంటే ఏనుగే. మెడ మీద గొలుసు ఒరిసిన మచ్చ ఇంకా కనిపిస్తుంది. తీర్పులో మాత్రం కాగితం లేనిదే కదలదు. మర్నాడు పొద్దున్నే నాలుగు కోతులు కర్రల మీద మైలన్నని మోసుకొచ్చి ఇసుకలో దించాయి. అడవంతా వచ్చి చుట్టూ కూర్చుంది. పుల్లన్న దూరంగా ఓ బండ చాటున నిలబడ్డాడు.

"చెప్పు నాయనా," అంది మాణిక్యమ్మ.

"దుంగ దొర్లి కాలు విరిగిందమ్మా. అడ్డుచెక్కలు పెట్టనివ్వలేదు. కాలు కూడేదాకా మేత, పాక ఇప్పించండి. అంతకంటే ఏమీ వద్దు."

"గురునాథం, నువ్వేమంటావు?"

గురునాథం కళ్లు తుడుచుకున్నాడు. తడి ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడో గానీ, కళ్లు నిజంగానే మెరిశాయి.

"నా కడుపు తరుక్కుపోతోందమ్మా. పాపం మైలన్న మంచివాడు. కానీ ఎవరో వాడికి లేనిపోనివి ఎక్కించారు." అని వడ్రంగిపిట్ట వైపు చూశాడు. "వాడు పనిలో లేడు. మేతకని వాగులోకి దిగి, నాచు మీద జారాడు. వాడే ఒప్పుకుని ఆ సాయంత్రమే ముద్ర వేసిచ్చాడు. ఇదిగో కాగితం."

మాణిక్యమ్మ చదవమంటే వడ్రంగిపిట్ట చదివింది. "మైలన్న అను నేను, నా స్వంత అజాగ్రత్త వలన వాగునందు జారిపడి ఎడమ వెనకకాలు విరుగగొట్టుకొన్నాను. దీనికి గురునాథం గారికి ఏ సంబంధమునూ లేదు. ఎవరి బలవంతమునూ లేక, పూర్ణ స్పృహతో, నా కుడి ముంగాలి గిట్టముద్ర వేయడమైనది."

కింద నల్లగా, చక్కగా గిట్టముద్ర.

"ఇది నీదేనా?" అంది మాణిక్యమ్మ.

మైలన్న చూశాడు. "నాదేనమ్మా. కానీ ఈ రాత అప్పుడు లేదు. మాఘంలో పనిలోకి వచ్చినప్పుడు తెల్లకాగితం మీద వేయించుకున్నారు. హాజరు కోసమన్నారు, గంగిరెద్దులా తలూపి వేశాను."

"తెల్లకాగితమా! ఎంత మాట!" అన్నాడు గురునాథం. "రుజువేదిరా?"

మైలన్న దగ్గర రుజువేముంటుంది? అడవి గుసగుసలాడింది. మాణిక్యమ్మ తొండం దించేసింది. ఆవిడకి జాలి లేక కాదు, కాగితం ఎదురుగా ఉంది.

గురునాథం అక్కడితో ఊరుకుంటే గెలిచేవాడు. గెలిచినవాడు నోరు మూసుకోవాలన్న సంగతి తెలివైనవాళ్లకే ఎందుకు తెలియదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పదిమందీ చేరారు కదా, మంచిపేరు కూడా కొట్టేద్దామనుకున్నాడు.

"నేను పనివాళ్లని కన్నబిడ్డల్లా చూసుకుంటానమ్మా! ఈ మైలన్న వచ్చిన రోజు వట్టికాళ్లతో వచ్చాడు. ఒక్క దుంగ లాగకముందే నాలుగు కాళ్లకీ లాడాలు కొట్టించాను. మెట్ట మీద రాళ్లు గుచ్చుకుంటాయని! అరిగిన పూటే కొత్తవి వేయించాను. ఆనాటి నుంచి ఈనాటిదాకా లాడం లేకుండా ఒక్క పూట నడవనిస్తే ఒట్టు. ముళ్లపందిని అడగండి, కొట్టింది వాడే."

"నిజమేనమ్మా," అన్నాడు ముళ్లపంది. "ఒక్క పూట కూడా."

అప్పుడు బండ చాటు నుంచి టక్, టక్, టక్ మని ఇనుము రాళ్ల మీద నడిచొచ్చింది. పుల్లన్న. గురునాథం వైపు చూడకుండా నేరుగా మాణిక్యమ్మ ముందుకి వచ్చాడు.

"అమ్మా, నేనొకసారి ఆ కాగితం చూడొచ్చా?"

"నీకు చదువొచ్చా?" అన్నాడు గురునాథం వెటకారంగా.

"రాదయ్యా. గిట్టలు తెలుసు." చాలాసేపు ఆ ముద్రనే చూశాడు. తర్వాత తడి ఇసుక మీద తన కుడి ముంగాలు గట్టిగా అదిమి తీశాడు. "ఇది చూడండమ్మా. ఇనపరేకు అంచు పడింది, మేకుల తలకాయలు పడ్డాయి. లాడం కొట్టిన గిట్ట ముద్ర ఇలా ఉంటుంది. కాగితం మీద రేకూ లేదు, మేకూ లేదు. అది వట్టిగిట్ట."

మాణిక్యమ్మ వంగి ఇసుక చూసింది, కాగితం చూసింది. మైలన్న కుడి ముంగాలు ఎత్తించి చూసింది. లాడం, తుప్పెక్కిన మేకులతో సహా, గట్టిగా ఉంది.

"గురునాథం! వీడి గిట్ట వట్టిగా ఉన్నది పనిలోకి వచ్చిన రోజేనని నువ్వే అన్నావు. వచ్చింది మాఘంలో. కాలు విరిగింది జ్యేష్ఠంలో. విరగబోయే కాలు ఎడమదో కుడిదో కూడా నాలుగు నెలల ముందే వీడికి ఎలా తెలిసింది?"

"అదీ... ముద్ర బాగా పడాలని ఆ సాయంత్రం ఆ ఒక్క లాడం పీకించి, మళ్లీ..."

"ఒక కాలు విరిగి అరుస్తున్నవాడికి ఇంకో కాలి లాడం పీకించావా? కన్నబిడ్డల్లా చూసుకోవడమంటే ఇదేనా? ఏం ముళ్లపందీ, పీకావా?"

"నా ముళ్ల మీద ఒట్టు, నేను ముట్టుకోలేదమ్మా!"

కోతులు కొమ్మల మీద నుంచి పడీపడీ నవ్వాయి. పుల్లన్న నవ్వలేదు. ఒకసారి తెరిచాడు కదా, నోరు ఇక మూయలేదు. దుంగ, గొలుసు, పెట్టనివ్వని చెక్కలు, ముందురోజు బెదిరింపు, అన్నీ చెప్పేశాడు. చెప్పేశాక మైలన్న పక్కకి వెళ్లి కుడివైపున నిలబడ్డాడు.

"ఒరేయ్, నీ కాడి పోతుందిరా," అన్నాడు మైలన్న మెల్లగా.

"నువ్వు లేని కాడి ఉంటే ఎంత, పోతే ఎంత," అన్నాడు పుల్లన్న.

మాణిక్యమ్మ తీర్పు చెప్పింది. "కాలు కూడేదాకా మేత, మందు, కంచె పాక. పుల్లన్న మేత కూడా నీ మీదే, వాడి జోడు పనిలోకి రానన్నాళ్లూ. పనివాళ్ల తెల్లకాగితాలన్నీ ఇప్పుడే తెచ్చి నా ముందు పెట్టు. ఇక ముఖ్యమైనది విను. ఆ గడ్డి నువ్వే కోసి, నువ్వే మోయాలి."

"నేనా! ఓ కూలిని పెట్టుకుంటానమ్మా."

"వద్దు. వాడిచేత మళ్లీ తెల్లకాగితం మీద ముద్ర వేయించుకుంటావు."

మూడు నెలలు వానలో తడుస్తూ గురునాథం గడ్డిమోపులు మోశాడు. మైలన్న కాలు కూడింది. కొంచెం వంకరగా కూడిందనుకోండి, కానీ నేల మీద ఆనింది. ఆనిన రోజున పుల్లన్న వాగులోకి పరుగెత్తి పొట్టపగిలేలా నీళ్లు తాగాడు.

ఆ వారమే గురునాథం నడుం పట్టుకుని, మూలుగుతూ మాణిక్యమ్మ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మోపులు మోసి మోసి నడుం విరిగింది. ఇదీ పనిలో తగిలిన దెబ్బే కదా. నాకూ పరిహారం ఇప్పించండి."

"తప్పకుండా. కట్టుబాటు అందరికీ ఒకటే. మరి నీచేత ఈ పని చేయించింది ఎవరు?"

"ఇంకెవరు, ఆ దిక్కుమాలిన కాగితం!"

"ఆ కాగితం రాసింది ఎవరు?"

గురునాథం తోక ముడిచి ఒప్పుకున్నాడు. "నేనే."

"అయితే వాణ్ణి పట్టుకుని అడుగు నాయనా. వాడు ఇస్తే నేను వద్దంటానా?"

నీతి: ఒకరి కష్టం తినేవాడు, ఆ కష్టంలో తగిలిన గాయాన్ని కూడా మోయాల్సిందే.