మూడు దారాల తాబేలు

చిన్న కథ. వక్కపలుకు నమిలేలోగా అయిపోతుంది. సముద్రపు ఒడ్డున పక్కపక్కనే మూడు రాజ్యాలుండేవి. నడిమి రాజ్యానికి ఉదగ్రవర్మ రాజు. ఆయన మీసాలు దువ్వడానికి ఇద్దరు నౌకర్లు, కుడికొకడు, ఎడమకొకడు. వాళ్లిద్దరికీ పడేది కాదు. అందుకే మీసం ఎప్పుడూ ఒక పక్కే పైకి ఉండేది. ఒకరి సంగతులు మనకెందుకు గాని, కథకు వద్దాం.

రాజుగారి వంటింటికి చేపలు తెచ్చేది మరిడమ్మ. మొగుడి పేరు సన్యాసి. పేరు పెట్టినవాళ్లు అతను అన్నం తినడం చూడలేదు.

ఆ ఏడు వలలు ఖాళీగా వస్తున్నాయి. మూడు రాజ్యాల పడవలూ గుడ్లతో ఉన్న చేపను కూడా వదలడం లేదు మరి. ఉత్తరపు రాజు, దక్షిణపు రాజు దూతలను పంపారు. చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలు ఎవరూ వల వేయకూడదని ఒప్పందం. ముగ్గురూ ముద్ర వేయాలి. ఒక్కరు కాదన్నా మిగతా ఇద్దరూ వలలు ఆపరు.

ఉదగ్రవర్మ కాదన్నాడు. తన తీరం ముందున్న సముద్రం తనదనీ, అందులోని జీవులు తన ప్రజలనీ, వాటి విషయంలో పొరుగువాళ్ల సలహా అక్కర్లేదనీ చెప్పాడు. పండితులు తలలూపారు. వాళ్లకు తలలున్నది అందుకే.

మరిడమ్మ రాజు ముందు గంప దించింది. అడుగున కవళ్లనే చిన్న చేపలు నాలుగున్నాయి. వచ్చే ఏడు ఇవీ ఉండవని చెప్పి, ఒక మనవి చేసుకుంది.

"మీ ప్రజలైతే మీ గుర్తు ఉండాలి కదా బాబూ. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తున్నాయి. మీ చేత్తో ఎర్రపట్టు దారం కట్టండి. అవి మీ హద్దు దాటకపోతే ఈ ఒప్పందం ఊసెత్తను."

"దాటితే?"

"ముద్ర వేయండి."

రాజు సరేనన్నాడు. వారం రోజులు వేకువనే వెళ్లి నలభై తాబేళ్లకు దారాలు కట్టాడు. అవి ఆయన మొహాన ఇసుక చిమ్మాయి. పండితులు దాన్ని శుభసూచకమన్నారు.

ఆ తీరాన ఒక ఆచారముంది. వలలో తాబేలు పడితే దేవుడని దండం పెట్టి, ముందు రెక్కకు దారం కట్టి వదిలేస్తారు. ఉత్తరాన పసుపు దారం, దక్షిణాన తెల్లది. ఇది ముక్కు చీదుకోవడం రాని పిల్లలకు కూడా తెలుసు. రాజుగారికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

నెల తిరిగాక పదకొండు తాబేళ్లు మళ్లీ ఒడ్డెక్కాయి. రాజు ఎర్రదారం చూసి మురిశాడు. వంగి చూశాడు. ఎర్రదారం పక్కన పసుపుది, దాని పక్కన తెల్లది. పసుపుది ఉత్తరపువాళ్లదనీ, తెల్లది దక్షిణపువాళ్లదనీ మరిడమ్మ చెప్పింది.

"నా తాబేలుకు దారం కట్టడానికి వాళ్లెవరు?"

"అది వాళ్ల ఇంటికి ఎందుకెళ్లిందో అడగండి బాబూ," అంది మరిడమ్మ. "మూడు రాజ్యాల గుర్తులూ ఒంటి మీద మోసుకొచ్చింది. ఆ పత్రం మీద మీదొక్కటే తక్కువ."

తాబేలు మళ్లీ ఇసుక చిమ్మింది. రాజు నవ్వాడు. మీసం రెండు పక్కలా సమానంగా ఊగేంతగా నవ్వాడు. అక్కడే ముద్ర వేశాడు. మరిడమ్మకు బంగారు కడియం తొడిగించి, దూతల సమ్మతితో మూడు రాజ్యాల తీరపు కాపలా ఆమె చేతికిచ్చాడు. అలాంటి మనిషి మా వైపు పుట్టలేదని ఇప్పటికీ మాకు లోటే.

గడువు మొదలైన మూడో రోజునే దొంగచాటుగా వల వేసినవాడొకడు దొరికాడు. సన్యాసి. పడవను మరిడమ్మే ఒడ్డుకు లాగించింది. శిక్షగా రెండు నెలలు తాబేలు గుడ్లకు కాపలా కాశాడు. బాగానే కాశాడంటారు.