ఎదురుగాలికి వెళ్ళిన రెండు కొయ్యల ఓడ

అనగనగా, గాలి ఒకే వైపుకి వీచే దేశంలో, ఒక రాజుండేవాడు. ఆ దేశం పేరు ముత్యాలరేవు. రాజు పేరు సాగరసేనుడు.

గాలి మొదట్నుంచీ అలా వీచేది కాదు పిల్లలూ. ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో గాలిమింగడనే మాంత్రికుడు కొండెక్కి కూర్చుని, లోకంలో ఉన్న గాలినంతా తనవైపుకి పీల్చుకోవడం మొదలుపెట్టాక ఇలా అయింది. మబ్బు పుట్టిందో లేదో సముద్రం మీదకి కొట్టుకుపోయేది. ఊరి మీద చినుకు పడేది కాదు. బావులు అడుగంటాయి. పశువుల డొక్కలు లోపలికి పోయాయి. రాజుగారి కొలువులో మాత్రం పన్నీరు చల్లడం మానలేదు, అది వేరే సంగతి.

రాజుకి ముగ్గురు కొడుకులు. భూరిసేనుడు, శూరసేనుడు, నీలసేనుడు. మొదటి ఇద్దరికీ ధైర్యమెక్కువ. మూడోవాడికి అనుమానమెక్కువ. ఊరంతా అతన్ని అనుమానప్పక్షి అనేది. ఆ మాట అతను విన్నాడు. విని, ముందు ఎవరన్నారా అని ఆరా తీశాడు.

పెద్దవాడు లేచాడు. "నాయనా, ఆ మాంత్రికుణ్ణి చంపి గాలిని తిరిగి తెస్తాను" అన్నాడు. వెడల్పాటి తెరచాపలున్న పెద్ద ఓడెక్కాడు. గాలి వెనకనుంచి తోసింది. ఓడ బాణంలా పోయింది. జనం జేజేలు కొట్టారు. పెద్దవాడు తిరిగి రాలేదు.

రెండోవాడు లేచాడు. "అన్న ఓడకి చాపలు చాల్లేదు నాయనా" అన్నాడు. ఇంకా వెడల్పు చాపలు కట్టించాడు. ఓడ ఇంకా జోరుగా పోయింది. జనం ఇంకా గట్టిగా జేజేలు కొట్టారు. రెండోవాడూ తిరిగి రాలేదు.

మూడోవాడు లేవలేదు. "వెళ్తాను నాయనా. కానీ వెళ్ళే దారి మరీ ఇంత సులువుగా ఉండడం నాకు నచ్చలేదు. వెనకనుంచి తోసి మరీ పంపిస్తుంటే, అవతల ఎవరో నోరు తెరుచుకుని కూర్చున్నట్టే కదా" అన్నాడు.

"భయమేస్తే భయమని చెప్పొచ్చు చినబాబూ, మేమేం అనుకోం" అన్నాడు మంత్రి. ఆ మంత్రి మోకాలి లోతు దాటి సముద్రంలో దిగిన మనిషి కాదు.

నీలసేనుడు పోయి ఒడ్డున కూర్చున్నాడు. పెద్ద ఓడల్ని చూశాడు. వాటికి చాపలు మోసే నిలువు కొయ్య, కొయ్యకి అడ్డంగా కర్రలు, ఆ కర్రలకి వెడల్పాటి చాపలు. గాలి వెనకుంటే పరుగు, గాలి ఎదురైతే కదలవు. జాలర్ల పడవల్ని చూశాడు. వాటికి ఒక్కటే వాలుచాప. గాలి ఎదురైనా ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ ఏటవాలుగా పోతూ, మెల్లగా ఇల్లు చేరతాయి. కానీ నడిసముద్రపు కెరటం ఒక్కటి కొడితే పడవ తునకలే.

అతను పెద్ద ఓడనీ నమ్మలేదు, చిన్న పడవనీ నమ్మలేదు. రెండిటినీ కలిపి ఒకే ఓడ కట్టించాడు. ముందు కొయ్యకి అడ్డచాపలు, వెనక కొయ్యకి పొడుగాటి వాలుచాప. పడమటి దేశాల ఓడలవాళ్ళు ఇలాంటి ఓడని బ్రిగంటైన్ అంటారు. ముత్యాలరేవులో ఆ పేరెవరికి తెలుసు? రెండు కొయ్యల ఓడ అన్నారు.

"ఇదేం ఓడ దొరా?" అని నవ్వాడు తండేలు పోలినాయుడు, అంటే ఓడవాళ్ళ పెద్ద. "ముందునుంచి చూస్తే పెళ్ళికొడుకు, వెనకనుంచి చూస్తే చేపలవాడు."

"వెళ్ళేది పెళ్ళికొడుకు. తిరిగి తీసుకొచ్చేది చేపలవాడు. ఎక్కు" అన్నాడు నీలసేనుడు.

ఈసారి ఎవరూ జేజేలు కొట్టలేదు.

ఓడ అడుగున ఒక ముసలి ఎలుక ఉంది. దానికి మాటలొచ్చు. "మీ అన్నల ఓడలు నేనెక్కలేదు. వాటిలో మనుషులు మరీ సంతోషంగా ఉన్నారు. నాకు నచ్చలేదు" అంది. నీలసేనుడికి లోకంలో మొదటిసారి ఒక తోడు దొరికినట్టయింది.

ఉప్పు సముద్రం దాటారు. చెరుకురసం సముద్రంలో ఓడవాళ్ళు చెంబులు ముంచబోతే, "ఊరికే వచ్చేది తాగొద్దు" అన్నాడు నీలసేనుడు. కల్లు సముద్రంలో ముంచబోతే, ఆ మాటే మళ్ళీ అన్నాడు. నేతి సముద్రంలో వాళ్ళు ముక్కులు మూసుకుని అతన్ని తిట్టుకుంటూ కూర్చున్నారు. పెరుగు, పాలు, మంచినీళ్ళు, ఏడూ దాటేసరికి దీవి కనబడింది. దీవికి ఎదురుగా, కనుచూపు మేరలో, సముద్రం మధ్య ఒక నల్లరాయి ఉంది. ఓడ దాని పక్కనుంచే దూసుకుపోయి రేవులో పడింది.

ఒడ్డంతా మనుషుల ఆకారంలో రాళ్ళు. వాటిలో ఒక రాయి ముక్కు భూరిసేనుడిది. ఇంకో రాయి గడ్డం శూరసేనుడిది. నీలసేనుడు వాటి మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉన్నాయి. 

"రా నాయనా, రా" అని కొండమీంచి పిలిచాడు గాలిమింగడు. వాడి పొట్ట కుండలా ఉబ్బి ఉంది. "నన్ను మూడు ప్రశ్నలు అడుగు. నిజమే చెబుతాను. నా ప్రాణం ఎక్కడుందో అడుగు, అదీ చెబుతాను."

"నేనేం అడగను" అన్నాడు నీలసేనుడు.

మాంత్రికుడి మొహం మాడింది. "అందరూ అడుగుతారే."

"అందుకే."

అప్పుడు రాళ్ళ చాటునుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు కువలయ. దూరదేశపు రాజు కూతురు. తండ్రితో ఓడ మీద పోతూ గాలికి ఇక్కడ కొట్టుకొచ్చింది. తండ్రి రాయై నిలబడ్డాడు. ఆమె నీలసేనుణ్ణి చూడలేదు, ఓడని చూసింది.

"ఆ వెనక కొయ్య ఎవరు పెట్టమన్నారు?"

"నేనే."

"ఎందుకు?"

"తిరిగి వెళ్ళాలి కదా."

ఆమె అప్పుడు అతన్ని చూసింది. తర్వాత అంది, "ఇక్కడికి వచ్చినవాళ్ళందరూ చంపడం గురించే ఆలోచించి వచ్చారు. తిరిగి వెళ్ళడం గురించి ఒక్కడూ ఆలోచించలేదు. విను. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. చిలక ఆ నల్లరాతి మీద ఉంది. వాడు అందరికీ చెబుతాడు. విని, ఎదురుగాలికి రాతిదాకా పోలేక, పొద్దు కుంగేసరికి రాళ్ళవుతారు. మూడో ప్రశ్న అడిగాకే వాడి మంత్రం పారుతుంది. నేను రెండే అడిగి ఊరుకున్నాను."

"ప్రాణం ఎక్కడుందో ఎవడైనా చెప్పుకుంటాడా? అబద్ధం."

"వాడు అబద్ధమాడడు. ఆడాల్సిన అవసరం వాడికి ఇంతవరకూ రాలేదు."

నీలసేనుడు తన వెంట ఓడ దిగిన ఎలుక వంక చూశాడు. "మనిషిని నమ్మను గాని, ఆ మాట సబబుగానే ఉంది" అంది ఎలుక.

ఓడ కదిలింది. ముందు కొయ్య చాపలు చుట్టి కర్రలకి కట్టేశారు. వెనక వాలుచాప ఒక్కటే విప్పారు. చుక్కాని కువలయ పట్టుకుంది. ఓడ కుడికి వాలింది, ఎడమకి వాలింది, మళ్ళీ కుడికి. మాంత్రికుడు కొండమీద పకపకా నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపాడు. ఓడ జానెడు జానెడు ఎదురుగాలిలోకి పోతోంది.

ఉన్నట్టుండి గాలి తిరిగింది. దీవి వైపునుంచి, ఓడ వెనకనుంచి, కమ్మగా వీచింది. పోలినాయుడి మొహం వెలిగిపోయింది. "దొరా, గాలి మనదైంది. ముందు చాపలు విప్పితే చిటికెలో రాతి దగ్గరుంటాం."

"విప్పొద్దు. మనల్ని చంపాల్సినవాడు మనకి సాయం చేస్తున్నాడేమిటి?"

ఓడవాళ్ళు గొణుక్కున్నారు. గొణుగుడు పూర్తికాకుండానే మాంత్రికుడు ఊదడం ఆపి, ఒక్క పెట్టున పీల్చాడు. గాలి ఎదురునుంచి విరుచుకుపడింది. అడ్డచాపలు విప్పి ఉంటే వెనక్కి కొట్టుకుని, కొయ్యని విరిచి, ఓడని ముంచేసేవి. పోలినాయుడు తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. 

రాయి వచ్చింది. చిలక కూర్చుని ఉంది. పంజరం లేదు, కాపలా లేదు. ఇన్నేళ్ళుగా ఎవరూ రాలేదు కదా, దానికి ఎగరాలనే తోచలేదు. నీలసేనుడు చేత్తో పట్టుకున్నాడు.

"నేను మామూలు చిలకని బాబూ" అంది చిలక.

అతను పట్టు బిగించాడు.

"అందరూ రాళ్ళయిన చోట ఆ పిల్ల ఒక్కతే ఎందుకు రాయి కాలేదో అడిగావా? అది వాడి మనిషి" అంది చిలక.

అతను కిందికి, చుక్కాని పట్టుకున్న కువలయ వైపు చూశాడు.

"నన్ను చంపితే నీ అన్నలు ఇంక ఎప్పటికీ రాళ్ళే" అంది చిలక.

చెయ్యి ఆగిపోయింది. కింద ఓడ ఊగుతోంది. ముత్యాలరేవులో బావులు ఎండుతున్నాయి. అన్నలు ఒడ్డున చల్లగా నిలబడి ఉన్నారు. అతను కువలయ వైపు తిరిగి అడిగాడు, "దీన్ని చంపితే మా అన్నలు బతుకుతారా?"

ఏం చెప్పినా నమ్మకూడదని అతను ముందే అనుకున్నాడు.

"నాకు తెలియదు. మా నాన్న కూడా ఆ ఒడ్డునే ఉన్నాడు" అంది కువలయ.

నీలసేనుడు ఆమె కళ్ళలోకి చూశాడు. "మా మంత్రికి అన్నీ తెలుసు. మా అన్నలకి అన్నీ తెలుసు. మాంత్రికుడికీ తెలుసు, చిలక్కీ తెలుసు. తెలియదన్న మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను" అన్నాడు. చిలక మెడ నులిమేశాడు.

గాలి ఆగిపోయింది. సముద్రం అద్దంలా అయింది. కొండమీద తోలుతిత్తి చిరిగినట్టు చప్పుడైంది, అంతే, అక్కడ ఎవరూ లేరు. ఒడ్డున ఒక రాయి తుమ్మింది. అది భూరిసేనుడు. "ఎంతసేపని నిలబెడతారు నన్ను?" అని విసుక్కున్నాడు. పక్కన శూరసేనుడు కాళ్ళు విదిలించుకున్నాడు. వాళ్ళ వెనక ఒక ముసలి రాజు "అమ్మా కువలయా" అని పిలిచాడు. చుక్కాని దగ్గర కూర్చున్న ఆ అమ్మాయి మొహం చేతుల్లో దాచుకుంది.

తెడ్లేసుకుంటూ ఒడ్డుకి పోయి వాళ్ళందర్నీ ఎక్కించుకున్నాక గాలి మళ్ళీ లేచింది, ముత్యాలరేవు వైపుకి. అప్పుడు విప్పారు ముందు చాపలన్నీ. ఓడ వెనకే మబ్బులు బారులు తీరి బయల్దేరాయి. ఓడ రేవు చేరడం, వాన పడడం ఒక్కసారే జరిగాయి. సాగరసేనుడు కొడుకుల్ని కావలించుకుని వానలోనే నిలబడిపోయాడు. ఆడవాళ్ళు ఇళ్ళలో ఉన్న బిందెలన్నీ వీధిలోకి తెచ్చారు.

ఆ వానలోనే నీలసేనుడికీ కువలయకీ పెళ్ళయింది. అన్నలిద్దరూ పట్టాభిషేకం తమ్ముడికే చెయ్యమన్నారు. కొత్త రాజు కొలువులో ఒక్కటే పద్ధతి పెట్టాడు. తెలియని విషయం అడిగితే "నాకు తెలియదు" అనాలి. అలా అన్నవాడి కొలువు ఎప్పటికీ పోదు. మంత్రికి మాత్రం ఎంత ప్రయత్నించినా ఆ మాట నోట రాలేదు. చివరికి తీర్థయాత్రల పేరు చెప్పి వెళ్ళిపోయాడు. ఆ కొలువు కువలయ చూసుకుంది.

వాళ్ళిద్దరూ చాలాకాలం రాజ్యం చేశారు. వానలు వేళకి పడ్డాయి, ఓడలు వెళ్ళాయి, వెళ్ళిన ఓడలన్నీ తిరిగి వచ్చాయి. కథ లంగరు వేసింది పిల్లలూ, ఇక దిగండి.